విడిపోయిన వాద్యబృందాన్ని మళ్ళీ పిలువవచ్చునా?

ఈ యేడు వార్షికోత్సవపు సన్నాహాలు మొదలైన నాటి నుండి మన కళాశాలలో ఏ వసారాలో నిలబడినా ఒకే ప్రశ్న వినవస్తున్నది: "వాళ్ళు మళ్ళీ కలుస్తారా?" వాళ్ళెవరో అధ్యాపకులకు చెప్పనక్కరలేదు. ఇప్పుడు చదువుకుంటున్న విద్యార్థి మిత్రులకు మాత్రం చెప్పవలసి ఉన్నది. ఎందుకనగా, ఆ బృందం ఇక్కడ చివరిసారిగా పాడినప్పుడు వీరిలో చాలామంది ఉన్నత పాఠశాల గడప దాటలేదు.

ఈసారి వార్షికోత్సవంలో సాయంకాలమంతా సంగీతానికే కేటాయించాలని, పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వరకు గల ఇరుగుపొరుగు కళాశాలల బృందాలను కూడ ఆహ్వానించాలని కమిటీ వారు నిశ్చయించారు. సంతోషమే. ఐతే చివరి గంట ఎవరిది? ఉత్సవానికి శిఖరం వంటి ఆ గంటను మన పాత వాద్యబృందానికే ఇవ్వాలని, వారిని ఎలాగైనా ఒక్కచోటికి చేర్చాలని కమిటీలో కొందరి పట్టుదల. అది కుదిరే పని కాదని మరికొందరి వాదన. మేము ఆ బృందం పాడిన రోజుల్లో ఇదే కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థులము. ఆ అర్హతతో మా అభిప్రాయాన్ని ఇక్కడ విన్నవించుకుంటున్నాము.

వారు ఆరుగురు. ఒక గిటారు, ఒక కీబోర్డు, ఒక డ్రమ్ము, ఒక ఢోలక్, ఇద్దరు గాయకులు. రాక్ బృందమని తమను తాము చెప్పుకునేవారు గాని, ఢోలక్ ఉన్న రాక్ బృందాన్ని చూసి బయటి కళాశాలల వారు మొదట నవ్వేవారు. పాట మొదలైన తరువాత నవ్వేవారు కారు. ఖవ్వాలీ బాణీని గిటారు తంతులపైకి ఎక్కించి, దానిమీద తెలుగు పాట అందుకోవడం వారి ప్రత్యేకత. జాతీయ రహదారి మీద లారీల మోత ఆగని ఈ రుద్రారంలో, కిటికీలు మూసినా బయటి హారన్లు లోపలికి వచ్చే మన సభామందిరంలో, ఆ మోతను మరపించి పాడిన వారు అంతకుముందు లేరు, తరువాతా రాలేదు. ఇది మా మమకారంతో అంటున్న మాట అయినా కావచ్చు. పద్దెనిమిదేళ్ళ వయసులో విన్నది ఏదైనా గొప్పగానే ఉంటుంది.

వారి సొంత పాట ఒకటి ఉండేది. మొదటి చరణం ఉర్దూలో, రెండవ చరణం తెలుగులో. మన వార్షిక సంచికలో ఉర్దూ విభాగం కుడి నుండి, తెలుగు విభాగం ఎడమ నుండి మొదలై నడిమి పుటల్లో కలుసుకున్నట్లు, ఆ రెండు చరణాలు పల్లవి దగ్గర కలుసుకునేవి. ఆ పాటే వారిని విడదీసింది. ఉర్దూ చరణం వ్రాసినవాడు ఢోలక్ వాయించే మిత్రుడు. రాగం కూర్చినవాడు గిటారు మిత్రుడు. 2019 వార్షికోత్సవానికి కొద్దివారాల ముందు గిటారు మిత్రుడు ఆ పాటను హైదరాబాదులో రికార్డు చేయించి తన ఒక్కడి పేరుతోనే విడుదల చేశాడు. ఉత్సవం నాటి సాయంత్రం ఢోలక్ మిత్రుడు వేదిక మెట్ల దాకా వచ్చి, వాద్యాన్ని అక్కడే దించి, ఎవరితోనూ మాట్లాడకుండ వెళ్ళిపోయాడు. సభ నలభై నిమిషాలు ఎదురుచూచింది. తరువాత వందన సమర్పణ జరిగింది. ఇంతకు మించి అక్కడ ఏమీ జరుగలేదు. కాని ఆ నలభై నిమిషాలు సభలో కూర్చున్నవారెవరూ మరువలేదు.

ఇది మన ఊరి చిన్న తగాదా అని తేలికగా తీసివేయనక్కరలేదు. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరపు ఒయాసిస్ బృందం విడిపోయినదీ అచ్చం ఇటువంటి సాయంత్రమే. 2009 ఆగస్టు 28న పారిస్ దగ్గర ఒక సంగీతోత్సవంలో ముఖ్య కార్యక్రమం వారిదే. వేలమంది మైదానంలో వేచి ఉండగా తెర వెనుక గాలగర్ సోదరులు నోయెల్, లియామ్‌లు కలహించుకొన్నారు. గిటారు విరిగింది, బృందమూ విరిగింది. అప్పటి నుండి పదిహేనేండ్ల పాటు ప్రతి వేసవిలోనూ ఏదో ఒక ఉత్సవంలో వారు మళ్ళీ కలుస్తారని పుకారు లేచేది. చివరకు 2024 ఆగస్టు 27న కలుస్తున్నామని వారే ప్రకటించారు. 2025 జులై 4న కార్డిఫ్‌లో మొదటి కచేరీ చేశారు. ఇందులో మేము గమనించినది ఒకటి ఉన్నది. వారు గ్లాస్టన్‌బరీలో గాని, ఆ యేడు జరిగే మరే ఉత్సవంలో గాని పాడబోమని ముందే తేల్చి చెప్పారు. విడిపోయినది ఉత్సవపు తెర వెనుక. కలిసినది మాత్రం తమ సొంత వేదికలపైన, తాము నిర్ణయించుకున్న తేదీలలో. వారి మనసులో ఏమున్నదో మనకు తెలియదు. కాని పరుల ఉత్సవానికి అలంకారంగా కలవడం వేరు, తమకై తాము కలవడం వేరు అని ఆ ప్రకటన చదివినప్పుడు మాకు తోచింది.

పరుల పిలుపుపై హడావుడిగా కలిసినవారి గతి ఏమవుతుందో తెలుసుకోవాలంటే లెడ్ జెప్పెలిన్ చరిత్ర చూడాలి. ఆ బృందపు డ్రమ్ము వాద్యకారుడు జాన్ బాన్‌హామ్ 1980లో మరణించగా మిగిలిన ముగ్గురూ బృందాన్ని ముగించారు. 1985 జులై 13న ఇథియోపియా క్షామ నివారణకై జరిగిన లైవ్ ఎయిడ్ ఉత్సవంలో, ఫిలడెల్ఫియా వేదికపై వారు మళ్ళీ కలిశారు. ఉద్దేశం ఎంత మంచిదో, సాధన అంత తక్కువ. డ్రమ్ములకు ఇద్దరు కొత్తవారు. వారిలో ఫిల్ కాలిన్స్ అదే రోజు లండన్‌లో పాడి, విమానంలో సముద్రం దాటి వచ్చినవాడు. గిటారు శ్రుతి కుదరలేదు, గాయకుని గొంతు పెగల్లేదు. తరువాత ఆ ఉత్సవపు దృశ్యాలను డిస్కులుగా తెచ్చినప్పుడు తమ భాగాన్ని చేర్చడానికి వారు ఒప్పుకోనేలేదు. కోట్లమంది చూచిన కచేరీని చేసినవారే దాచుకోవలసి వచ్చింది!

అదే ముగ్గురు 2007 డిసెంబరు 10న లండన్‌లో తిరిగి కలిశారు. తమ పాటలను తొలినాళ్ళలో ప్రచురించిన అహ్మెత్ ఎర్తెగున్ స్మృత్యర్థం జరిగిన కచేరీ అది. ఆయన ఇస్తాంబుల్‌లో పుట్టి, అమెరికాలో అట్లాంటిక్ రికార్డుల సంస్థను స్థాపించిన తురుష్కుడు. మన ఉర్దూ విభాగపు మిత్రులకు ఆ పేరు ఆసక్తి కలిగిస్తుందని ఇక్కడ చెబుతున్నాము. ఈసారి డ్రమ్ముల వెనుక కూర్చున్నది చనిపోయిన మిత్రుని కుమారుడు జేసన్. వారాల తరబడి సాధన చేశారు. గిటారు వాద్యకారుడు జిమ్మీ పేజ్ వ్రేలు విరిగితే, ఎలాగో నెట్టుకొద్దామనక, నవంబరు 26న జరగవలసిన కచేరీని రెండు వారాలు వెనుకకు జరిపారు. ఆ రాత్రి వారు పాడినది విన్నవారు దానిని గూర్చి నేటికీ చెప్పుకుంటారు. మనుషులు వారే, పాటలు అవే. 1985కు, 2007కు నడుమ తేడా అంతా మనవారు రియాజ్ అని పిలిచే ఆ ఒక్క పనిలో ఉన్నది.

ఇక మన ఇంటి సంగతి. నెల్లూరు జిల్లా నుండి వెళ్ళిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో పేరు తెచ్చుకునే తొలిరోజుల్లో ఒక చిన్న వాద్యబృందాన్ని నడిపారు. అందులో వాద్యాలు పట్టుకున్నవారు ఇళయరాజా, ఆయన సోదరులు భాస్కర్, గంగై అమరన్. తరువాత ఒకరు గొంతుగా, ఒకరు బాణీగా దక్షిణ దేశమంతా ఎంత వెలిగినదీ చెప్పనక్కరలేదు. అటువంటి ఇద్దరి మధ్యకు 2017 మార్చిలో ఒక న్యాయవాది నోటీసు వచ్చింది. బాలసుబ్రహ్మణ్యం తమ గాన జీవితపు యాభై యేండ్ల పండుగ సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన అనుమతి లేనిదే తన పాటలను వేదికపై పాడరాదని ఇళయరాజా పక్షాన అందిన నోటీసు అది. బాలసుబ్రహ్మణ్యం ఆ విషయాన్ని అందరికీ తెలియజేసి, ఇక ఆ పాటలు పాడబోనని చెప్పి, మిగిలిన పాటలతో యాత్ర కొనసాగించారు.

ఇందులో ఎవరిది తప్పు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేందుకు అభిమానులు రెండు పక్షాలుగా చీలి ఎంత వాదించుకున్నారో మాకు గుర్తున్నది. పాటను సృష్టించినవానికి దానిపై హక్కు ఉన్నదన్న మాట నిజం. ఆ పాటకు ప్రాణం పోసిన గొంతుకు పరాయివానికి పంపినట్లు నోటీసు పంపడం బాధాకరమన్న మాటా నిజం. రెండూ నిజాలైనప్పుడు వాదనతో తేలేది ఉండదు. తేలినది మరోవిధంగా తేలింది. 2019 జూన్ 2న, ఇళయరాజా పుట్టినరోజు వేడుకగా మద్రాసులో జరిగిన కచేరీలో బాలసుబ్రహ్మణ్యం మళ్ళీ ఆయన పాటలు పాడారు. ఏసుదాసు కూడ ఆ వేదికపై ఉన్నారు. అంతకు కొద్దిరోజుల ముందు సాధన కోసం కలుసుకున్నప్పుడు ఇద్దరూ కౌగిలించుకున్న ఛాయాచిత్రం దేశమంతా తిరిగింది. చూడండి, కౌగిలింత జరిగినది వేదికపైన కాదు, సాధన గదిలో. మరుసటి యేడు, 2020 సెప్టెంబరు 25న, బాలసుబ్రహ్మణ్యం కన్నుమూశారు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు లేచి రమ్మని ఇళయరాజా వేడుకున్న మాటలను మనమందరము విన్నాము. ఆ పదహారు మాసాల ముందటి కచేరీ జరుగకపోయి ఉంటే ఆ మాటలు ఎంత బరువెక్కేవో!

అందరికీ అంతటి వ్యవధి దొరకదు. తోటకూర సోమరాజు, సాలూరి కోటేశ్వరరావు అనే పేర్లు చెబితే చాలామంది తలలు గోక్కుంటారు. రాజ్-కోటి అంటే పాట పాడి వినిపిస్తారు. ఒకరు టి.వి. రాజు కుమారుడు, మరొకరు సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. చక్రవర్తి వద్ద సహాయకులుగా పనిచేసి, 1983లో "ప్రళయ గర్జన"తో జంటగా మొదలుపెట్టి, "యముడికి మొగుడు", "బావ బావమరిది" మీదుగా 1994 నాటి "హలో బ్రదర్" వరకు తెలుగు తెరను వారు ఉర్రూతలూగించారు. ఆ చివరి చిత్రానికి నంది బహుమతి కూడ వచ్చింది. తొలిరోజుల్లో ఎ.ఆర్. రహమాన్ వారి వద్ద కీబోర్డు వాయించినవాడు. ఆ తరువాత జంట విడిపోయింది. 1995లో "సిసింద్రీ"కి రాజ్ ఒక్కరే స్వరాలు కూర్చారు. కోటి తన దారిన తాను సాగిపోయారు. కారణాలను గురించి పత్రికలు ఏమేమో వ్రాశాయి. వాటి జోలికి మేము పోము. ఏ పాటలో ఎవరి పాలు ఎంత అని మాకు నేటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ పేరులోని చిన్న గీతకు ఇటు ఒకరు, అటు ఒకరు ఉంటే చాలునని ఎందరో అభిమానులు కోరుకున్నారు. దాదాపు మూడు దశాబ్దాలు కోరుకున్నారు. 2023 మే 21న హైదరాబాదులో రాజ్ మరణించారు.

కనుక "కలుస్తారా, కలవరా" అని వసారాలలో పందేలు వేసుకునే మిత్రులకు మా మనవి ఏమనగా, ఈ ప్రశ్న క్రికెట్ ఆట ఫలితం వంటిది కాదు. శ్రోతలకు పాటపై మమకారం ఉండవచ్చు గాని, పాడేవారి మనసులపై హక్కు లేదు. అలాగని వారిని పిలువక ఊరుకోవడం మర్యాద అని కూడ మేము అనుకోవడం లేదు.

ఎందుకో ఒక ఉదంతం చెబుతాము. మన ఢోలక్ మిత్రుడు ఇప్పుడు పాశమైలారంలోని ఒక కర్మాగారంలో షిఫ్టుల్లో పనిచేస్తున్నాడు. 2025 జూన్ 30 ఉదయం ఆ పారిశ్రామికవాడలోని మరొక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు మరణించిన సంగతి మనకెవరికీ మరపునకు రాదు. ఆ ఉదయం ఇస్నాపూర్ నుండి సంగారెడ్డి వరకు ప్రతి ఇంటిలోనూ ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఫోను చేస్తూనే ఉన్నారు. ఢోలక్ మిత్రుడు అప్పటికి రాత్రి పని ముగించుకొని వచ్చి గదిలో నిద్రపోతున్నాడు. ఫోను మ్రోగింది. ఆరేళ్ళుగా మాటలు లేని గిటారు మిత్రుడు. "ఉన్నావా?" అని అడిగాడు. "ఉన్నాను" అని ఇతడన్నాడు. అవతల ఫోను పెట్టేశాడు. అంతే. మళ్ళీ ఇంతవరకు ఇద్దరి మధ్య మాట లేదు. ఈ సంగతి మాకు చెప్పినవాడు ఢోలక్ మిత్రుడే. వ్రాయవచ్చునా అని అడిగితే, పేరు వేయవద్దన్నాడు, వ్రాయవద్దనలేదు.

ఆ "ఉన్నావా" అన్న మాటను కమిటీ వారు ఒక దరఖాస్తుగా స్వీకరించాలని మా కోరిక.

దీనికి ఎదురు రాగల మాటలు మాకు తెలియనివి కావు. మొదటిది, డబ్బు. పాత బృందం పేరు గోడపత్రికపై ఉంటే చందాలు సులభంగా వస్తాయని ఒక పెద్దలు సెలవిచ్చారు. వస్తాయి. ఐతే గోడపత్రిక ముందు అచ్చయి, మనసులు తరువాత కుదరవలసి వస్తే, ఆ మనసులపై మనము కాగితం అంటించినట్లే అవుతుంది. 2019 నాటి నలభై నిమిషాలు మళ్ళీ వస్తే ఆ అవమానం ఈసారి వారిది కాదు, మనది. ఇద్దరినీ వేదికకు చెరొక కొసన నిలబెట్టి పాడిస్తే సరిపోతుందని మరొకరు అన్నారట. ఆయనకు సంగీతంతో పరిచయం లేదని తెలిసి మేము నొచ్చుకోలేదు.

రెండవ మాట విద్యార్థులది, దానిలో బలమున్నది. ఇప్పుడు చదువుకుంటూ సాయంకాలాలు సాధన చేసుకుంటున్న పిల్లలుండగా, చదువు ముగించి పోయినవారికి శిఖరస్థానం ఎందుకని వారు అడుగుతున్నారు. న్యాయమే. కాని పాతవారు పాత పాటలతోనే రావాలని నియమం లేదు. 1984లో బొంబాయిలో పుట్టిన రాక్ మెషిన్ అనే బృందం 1993లో ఇండస్ క్రీడ్ అని పేరు మార్చుకొని, 1997లో విడిపోయి, 2010లో తిరిగి కలిసింది. కలిసిన తరువాత రెండేండ్లకు "ఇవాల్వ్" అనే పేరుతో కొత్త పాటల సంపుటిని వెలువరించింది. అనగా వారు జ్ఞాపకాలను అమ్ముకోవడానికి కాక పని చేయడానికి కలిశారని అర్థం. మనవారికి కూడ చివరి గంటలో సగం చాలును. తక్కిన సగం ఇప్పటి విద్యార్థులతో కలిసి వాయించమందాము. ఢోలక్ పట్టే కుర్రవాడు ద్వితీయ సంవత్సరంలో ఒకడున్నాడు; వాని చేతివాటం మేము విన్నాము.

మూడవది, ఆ పాట. అది తేలనిదే ఏదీ తేలదు. ఉత్సవం నాడు పాడినా పాడకపోయినా, దాని క్రింద ఉండవలసిన పేర్లు రెండు. విడుదలైన చోట ఆ రెండవ పేరును చేర్చడానికి గిటారు మిత్రునికి ఖర్చయ్యేది ఏమీ లేదు, కొద్దిపాటి అభిమానం తప్ప. ఆ మాట ఆయనతో చెప్పడానికి కమిటీ తీర్మానం అక్కరలేదు. వారిద్దరికీ పాఠం చెప్పిన ఉర్దూ అధ్యాపకులు ఒక్కమారు ఫోను చేస్తే చాలునని మా నమ్మకం. పదవీ విరమణ చేసినా వారు సంగారెడ్డిలోనే ఉన్నారు.

కాబట్టి పిలుపు పంపవలసినదే. ఉత్సవానికి కాదు, సాధనకు. రెండవ శనివారం మధ్యాహ్నం మన సంగీతపు గది ఖాళీగా ఉంటుంది. రాత్రి షిఫ్టు వారికి కూడ ఆ వేళ అనువైనది. ఆరుగురిలో ఒకరు దమ్మామ్‌లో ఉన్నారు, రాలేరు. మిగిలిన ఐదుగురిలో ఎందరు వస్తే అందరు. నాలుగు శనివారాలు కూర్చున్న తరువాత తాము పాడగలమని వారే చెబితే అప్పుడు గోడపత్రిక అచ్చుకు ఇవ్వవచ్చు. చెప్పకపోతే చివరి గంట ఇప్పటి విద్యార్థులది. పోయినదేమీ ఉండదు.

ఆ రోజు వేదిక మెట్ల వద్ద దించిన ఢోలక్ ఇప్పటికీ క్రీడా సామగ్రి గదిలో, విరిగిన క్యారం బల్లల వెనుక ఉన్నది. మొన్న చూచి వచ్చాము. ఎడమవైపు తోలు పగిలింది, పక్కతాళ్ళు రెండు తెగినవి. బాగుచేసేవారు పటాన్‌చెరులో దొరకకపోతే హైదరాబాదులో తప్పక దొరుకుతారు. కమిటీ వారు గోడపత్రికకని ప్రక్కన పెట్టిన సొమ్ములో నుండి ముందుగా దీనికి కొంత మంజూరు చేయాలని ప్రార్థన. గది తాళంచెవి వ్యాయామోపాధ్యాయుల వద్ద ఉన్నది.